ఏటి విద్య, ఉప్పు నీరు

ఒక విద్యలో పేరు సంపాదించుకొన్నవాడు, తల నెరసిన పిదప, మరల ఓనమాలు దిద్దుటకై పలక పట్టి కూర్చుండుట లోకమున అరుదుగా కానవచ్చు దృశ్యము. బాలుడు తప్పు చేసినచో పెద్దలు నవ్వి ఊరకొందురు. పెద్దవాడు తప్పు చేసినచో ఎవరును నవ్వకున్నను తనలో తానే క్రుంగిపోవును. అందువలననే వయసు వచ్చినవారు తమకు తెలిసిన విద్యను విడిచి తెలియనిదాని జోలికి పోరు. పోయినను ఎవరును చూడనిచోట పోవుదురు. అమెరికా దేశపు దక్షిణాగ్రమున, ఫ్లోరిడాకు దిగువ సరము గ్రుచ్చినట్లు సాగిన కీస్ అను దీవులలో మాత్రము ఈ దృశ్యము ప్రతి వసంతమునను పడవకొకటి చొప్పున కనిపించును.

ఆ దీవులకు వచ్చువారిలో వైద్యులు, న్యాయవాదులు, ఆచార్యులు, వర్తకులు అందరును ఉందురు. వారిలో పలువురు ఉత్తరపు కొండయేళ్ళలో ట్రౌట్ అను చేపను పదియేండ్లో ఇరువదియేండ్లో పట్టి చేయి తిరిగినవారు. తమ ఊర నలుగురికి నేర్పినవారును కలరు. అట్టివాడు మొట్టమొదటిసారి ఉప్పునీట ఈకల గాలము వేయబోయి, గంట గడవకమునుపే తనకేమియు రాదని తెలిసికొనును. ఇందొక విశేషమున్నది. అతడు ఓడిపోవునది తెలియనిదానివలన కాదు, తెలిసినదానివలన. ఉపాధ్యాయులైనవారు నిలిచి ఆలోచింపదగిన సంగతి యిది గనుక, చేపలతో పనిలేనివారును కొంచెము ఓపికతో ఆ నీటిలోనికి దిగి చూడవచ్చును.

ముందు ఆ విద్య ఎట్టిదో చెప్పవలెను. మన చెరువుగట్లమీద కుఱ్ఱవాండ్రు వేయు గాలమునకు ఎర యుండును, బెండు ఉండును. వానపామును గ్రుచ్చి, నీటిలో విడిచి, బెండు మునుగువఱకు కూర్చుండుటయే పని. ఆంగ్లమున ఫ్లై ఫిషింగ్ అనబడు విద్యలో ఎర లేదు. చిన్న కొక్కెమునకు ఈకలు, జంతువుల వెండ్రుకలు, రంగుదారములు చుట్టి పురుగువలెనో, చిట్టిచేపవలెనో, రొయ్యవలెనో చేయుదురు. దానినే ‘ఈగ’ అందురు. ఒక ఈకను గాలిలోనికి విసరి చూచినచో అది విసరినవాని పాదములయొద్దనే పడును. మఱి దానిని అఱువది అడుగుల దూరమునకు పంపుట యెట్లు? తక్కిన గాలములలో బరువైన ఎర సన్నని దారమును లాగికొనిపోవును. ఇందు బరువైన దారము బరువులేని ఈగను మోసికొనిపోవును. తొమ్మిదడుగుల కఱ్ఱతో ఆ దారమును వెనుకకు విసరి, అది వెనుక గాలిలో పూర్తిగా విచ్చుకొనువఱకు ఆగి, అప్పుడు ముందుకు విసరవలెను. ఆ ఆగుటయే కష్టము. తొందరపడినవాని దారము కొరడావలె చెళ్ళుమని మ్రోగి ఈగను త్రెంపివేయును. ఆలసించినవాని దారము వెనుక నేలపాలగును. నేర్చుకొనువారందరును ముందుకు విసరుటను గూర్చి ఆలోచింతురు. నేర్పువారందరును వెనుకకు విసరుటను గూర్చియే చెప్పుదురు.

ఇది నిన్నమొన్నటి వేడుక కాదు. క్రీస్తుశకము 200 ప్రాంతమున రోమునందుండిన ఏలియన్ అను రచయిత, మాసిడోనియా దేశపు జనులు కొక్కెమునకు ఎఱ్ఱని ఉన్ని చుట్టి, కోడిపుంజు ఈకలు రెండు కట్టి, ఏటిచేపలను మోసగించుచుండిరని వ్రాసియున్నాడు. ఐజాక్ వాల్టన్ 1653లో ప్రకటించిన ‘ది కంప్లీట్ యాంగ్లర్’ ఇంగ్లండున గాలపువారికి పెద్దబాలశిక్ష వంటిది. అయితే ఈగగాలమును గూర్చి విపులముగా వ్రాసి దానికి చేర్చినవాడు అతని మిత్రుడు చార్లెస్ కాటన్, 1676లో. మన దేశమున ఈ వినోదమునకు శాస్త్రగౌరవము లేదనుకొనువారు పొరబడుదురు. కల్యాణీ చాళుక్యులలో మూడవ సోమేశ్వరుడు 12వ శతాబ్దమున సంస్కృతమున కూర్చిన ‘మానసోల్లాస’మునందు మత్స్యవినోదమని ఒక ప్రకరణమే కలదు. చేపలలో ఎన్ని జాతులు, ఏ జాతికి ఏ మేత, ఎట్టి గాలము, ఎట్టి దారము అను విషయములు రాజోచితమైన తీరికతో అందు చెప్పబడినవి. నేటి తెలంగాణములో కొంతభాగము ఆ చాళుక్యుల ఏలుబడిలోనిదే. పండితులు ఆ గ్రంథమును సంగీతముకొఱకును, వంటకములకొఱకును తిరుగవేయుదురు; చేపల పుటలు వచ్చినప్పుడు రెండేసి ఆకులు ఒక్కమాఱుగ త్రిప్పుదురు కాబోలు! ఆ ప్రకరణమును 1951లో పరిశీలించి వ్యాసము వ్రాసినవాడు సుందరలాల్ హోరా అను మత్స్యశాస్త్రవేత్త గాని సాహిత్యపండితుడు కాడు.

ఈ చెప్పినదంతయు మంచినీటి మాట. సముద్రమున ఈకల గాలము వేయుట పందొమ్మిదవ శతాబ్దమునుండియు అక్కడక్కడ ఉన్నను, అది ఒక ప్రత్యేకవిద్యగా నిలద్రొక్కుకొన్నది రెండవ ప్రపంచయుద్ధము ముగిసిన పిదపనే. 1947లో జో బ్రూక్స్ అను నాతడు కీస్ దీవులలోని ఇస్లమొరాడ యొద్ద, జిమ్మీ ఆల్బ్రైట్ అను పడవసరంగు తోడ్పాటున, బోన్‌ఫిష్ అను చేపను కంటితో చూచి ఈగవేసి పట్టెను. 1950లో ఈ విద్యపై గ్రంథమును వెలువరించెను. అదే 1947లో అతని యొద్ద ఈగగాలము నేర్చుకొన్న లెఫ్టీ క్రే, 2018లో కన్నుమూయువఱకు, ఊరూర తిరిగి నేర్పుచునే యుండెను. ఆయన కట్టిన ఒక ఈగ బొమ్మను అమెరికా తపాలాశాఖవారు 1991లో బిళ్ళపై ముద్రించిరి. ఒక కొక్కెమునకు చుట్టిన నాలుగు ఈకలకు అంతటి మర్యాద! ఇంకొక సంగతి. ఆ తొలినాళ్ళలో ఇస్లమొరాడలో గెడపట్టి పడవ నడపి, మగవారికి ఈ విద్య చూపినవారిలో ఫ్రాంకీ ఆల్బ్రైట్, బానీ స్మిత్ అను అక్కచెల్లెండ్రును ఉండిరి. చరిత్రలు వ్రాయువారు వారి భర్తల పేర్లు ముందు చెప్పి, వారి పేర్లు తరువాత చెప్పుట పరిపాటి.

ఇక ఆ నీరు. అది మనకు తెలిసిన సముద్రమువంటిది కాదు. అలలు లేవు, హోరు లేదు. మోకాటిలోతు నీరు మైళ్ళకొలది పఱచుకొని యుండును. అడుగున తెల్లని ఇసుక, ముదురుపచ్చని సముద్రపు గడ్డి, అంచున మడచెట్లు. పోటు వచ్చినపుడు చేపలు లోతునుండి ఆ పల్లపునీటిలోనికి ఎక్కివచ్చి రొయ్యలను, పీతలను ఏరుకొని తినును. పాటు తీయగనే మరల లోతునకు దిగిపోవును. ఏటిలో ట్రౌట్ ప్రవాహమునకు ఎదురుగ తలపెట్టి ఒకచోట నిలిచియుండును. మేత దానియొద్దకు వచ్చును. నిన్న ఒక బండచాటున కనిపించినది నేడును అచటనే కనిపింపవచ్చును. ఉప్పునీటి చేపకు ఇల్లు లేదు. అది నడచుచునే తినును, తినుచునే నడచును. అందువలన ఇచట గాలమువేయువాడు నీటిని చూచి వేయుట కాదు, చేపను చూచి వేయవలెను.

చూచుట యనగా ఏమో అతడు ఆ దినముననే మొదట తెలిసికొనును. బోన్‌ఫిష్ ప్రక్కల పొలుసులు అద్దములు. క్రింది ఇసుక రంగే దాని ఒంటిపై ప్రతిఫలించును. పడవ వెనుక ఎత్తుపీటపై గెడ పట్టుకొని నిలిచిన సరంగు, ‘అదిగో, పదకొండు గంటలు, ఏబది అడుగులు, ఎడమకు పోవుచున్నది’ అనును. ముక్కొనను పండ్రెండు గంటలుగా భావించి దిక్కులు చెప్పుట అచటి పద్ధతి. క్రొత్తవాడు కంగారులో చేతిగడియారము చూచుకొనినను ఆశ్చర్యము లేదు. ఎంత చూచినను అతనికి ఇసుక, గడ్డి, నీటిపై ఎండ తప్ప వేఱేమియు కానరాదు. సరంగులు చెప్పు ఉపాయమొకటి కలదు: చేపకొఱకు వెదకరాదు, ఇసుకపై కదలు నీడకొఱకు వెదకవలెను. చేప తన్ను తాను దాచుకొనగలదు గాని నీడను దాచుకొనలేదు. నీటి తళుకును అణచు నల్లకండ్లద్దములు అందరును పెట్టుకొందురు. అయినను మొదటిదినము సరంగు కండ్లకు కనిపించిన ఇరువది చేపలలో కొత్తవాని కండ్లకు రెండో మూడో కనిపించినచో అదృష్టమే. ఇద్దరి కండ్లు ఒక్కటే, ఇద్దరి అద్దములు ఒక్కటే. ఒకడు చదువవచ్చినవాడు, వేఱొకడు చదువురానివాడు; అంతియే భేదము. తెలుగుపుట తెఱచి పిల్లవానిముందు పెట్టి ‘కనిపించుట లేదా, అక్షరము ఇంత పెద్దదిగా ఉన్నదే’ అని గద్దించు ఉపాధ్యాయుడు ఒక్కసారి ఆ పడవ ముక్కొనపై నిలువవలసినవాడు.

ఆపై గాలి. కొండయేటిలో చెట్లచాటు ఉండును, సముద్రముపై చాటులేదు. గాలి ప్రతిదినము వీచును. అదియును ఎదురుగనే వీచునని కొత్తవారి ఫిర్యాదు. కఱ్ఱలకు వాటి దారపు బరువును బట్టి సంఖ్యలుండును. ట్రౌట్‌కు నాలుగో అయిదో సరిపోవును. బోన్‌ఫిష్‌కు ఎనిమిది, టార్పన్‌కు పది మొదలు పండ్రెండు. బరువైన ఆ కఱ్ఱను ఆడించుచు, విసరుసమయముననే రెండవ చేతితో దారమును చుఱుకుగా లాగి వేగము పెంచవలెను. అటు కుడిచేయి, ఇటు ఎడమచేయి, వేర్వేఱు పనులు, ఒక్క తాళము. మృదంగము నేర్చుకొన్నవారికి ఈ కష్టము చెప్పనక్కఱలేదు. ఇంటివెనుక పచ్చికలో నెలదినములు సాధన చేసివచ్చినవాడు కూడ, చేప కనిపించినంతనే ఆ సాధనను మఱచిపోవును. ఏలన పచ్చికలో కాలము అతనిది. నీటిలో కాలము చేపది. కనిపించుటకును దాటిపోవుటకును నడుమ ఉండునవి కొన్ని క్షణములే. ఆ క్షణములలో దారము కాలికింద పడును, గుండీకి చిక్కుకొనును, టోపీకి తగులుకొనును. చేప మాత్రము తన దారిన పోవును.

ఇన్ని కష్టములను దాటి ఈగ సరియైన చోట పడినదనుకొందము. చేప దానిని చూచినది, వెంబడించినది, నోట కఱచినది. సరిగా ఈ క్షణముననే ఇరువదియేండ్ల విద్య వానికి ద్రోహము చేయును. ట్రౌట్ ఈగను పట్టినంతనే కఱ్ఱను పైకెత్తవలెను. ఆ యెత్తుటతో చిన్న కొక్కెము ఆ చేప పెదవిని నాటుకొనును. ఏట నిలిచి వేయిమాఱులు చేసిన పని అది. ఆలోచనకు పూర్వమే చేయి దానిని చేసివేయును. ఉప్పునీట అదే పని చేసినచో ఈగ చేపనోటినుండి జాఱి, నీటిని వీడి, విసరినవాని ముఖముమీదికే ఎగిరి వచ్చును. ఇచట కఱ్ఱను నీటివైపు దించియే యుంచి, ఎడమచేతితో దారమును నిడుపుగా, నిబ్బరముగా లాగవలెను. ఈ చేపల నోరు గట్టిది. దానిలో కొక్కెము నాటుటకు తిన్నని లాగుడు కావలెను. పైకెత్తిన కఱ్ఱ వంగి ఆ బలమును తానే మ్రింగివేయును. అంతేకాదు, దారమును లాగినపుడు కొక్కెము తగులకున్నను ఈగ మూరెడు దూరము మాత్రమే జరుగును. పారిపోవుచున్న రొయ్య యనుకొని చేప మరల దానిపైబడవచ్చును. కఱ్ఱ యెత్తినవానికి ఆ రెండవ అవకాశము లేదు.

ఈ తప్పునకు అచటి సరంగులు పెట్టిన పేరు ‘ట్రౌట్ ఎత్తు’. దీనిని ఎక్కువగా చేయువాడు ట్రౌట్ పట్టుటలో ఆరితేరినవాడే. ఎన్నడును గాలము పట్టని పడుచుపిల్ల ‘దారము లాగుము’ అనగనే దారము లాగును. ఆమె చేతికి వేఱొక పాఠము ముందుగ రాలేదు గదా. ఆరితేరినవాడు మొదటిసారి ఎత్తి నాలుక కఱచుకొనును. రెండవసారి ‘ఎత్తరాదు, ఎత్తరాదు’ అని మనసులో జపించుచునే ఎత్తును. బుద్ధికి తెలిసినది చేతికి తెలియుటకు నడుమ ఎంత దూరమున్నదో అపుడు తెలియును. తెలియనివానికి నేర్పుటకంటె తెలిసినవానిచేత మఱపించుట కష్టమని చెప్పుట సులభమే. ఆ కష్టము నేర్పువానిదే యని మాత్రము అనుకొనరాదు. మఱువవలసినవాని కష్టము అంతకు నాలుగు రెట్లు. గ్రాంథికమున చేయి తిరిగిన పండితుడు మనుమనికి జాబు వ్రాయ కూర్చుండి మూడు కాగితములు చింపివేసిన కథలు తెలుగునాట లేకపోలేదు.

టార్పన్ సంగతి వేఱు. అది మనిషియంత నిడుపు పెరుగును. నూఱు పౌనులు దాటినది వింత కాదు. ఏబదియేండ్లకు మించి బ్రతుకగలదు. నీటిలోని ప్రాణవాయువు చాలనపుడు పైకివచ్చి గాలిని మ్రింగును. దాని చుట్టమొకటి, చిన్నజాతిది, మన బంగాళాఖాతపు మొగలలోను ఉన్నది. గాలము తగిలిన టార్పన్ ఒడలంతయు నీటిపైకి ఎగిరి, తల విదిల్చి, మరల పడును. అది ఎగిరిన క్షణమున గాలమువాడు ఏమి చేయవలెను? బలముగ పట్టి లాగవలెనని ఎవనికైనను తోచును. లాగినచో దారము తెగును. అది ఎగిరినపుడు వీడు వంగవలెను. నడుము వంచి, చేతులు చాచి, కఱ్ఱను చేపవైపు దించి దారమునకు సడలు ఇయ్యవలెను. దీనికి వారు పెట్టిన పేరు ‘రాజునకు నమస్కారము’. కోట్లకు పడగలెత్తినవాడును, న్యాయస్థానములను గడగడలాడించినవాడును, ఆ చేప యెగిరిన ప్రతిసారియు తలవంచి దండము పెట్టవలసినదే. పెట్టనివాని దారము తెగును. అందులో పక్షపాతము లేదు.

ఇట్టి చోట గురువెవరు? ఆ దీవులలోనే పుట్టి పెరిగి, తండ్రివెంట గెడవేసి, ఆటుపోట్లను చేతివ్రేళ్ళపై లెక్కించు మనిషి. బహామా దీవులలో అతడు పలువేళల నల్లజాతి జాలరికుటుంబమువాడు. కళాశాల ముఖము చూచియుండకపోవచ్చును. శిష్యుడు అతనికి దినమునకు వందలకొలది డాలర్లు చెల్లించు ధనికుడు, అనేక పట్టములవాడు. ఒడ్డున ఒకరి స్థానము వేఱు, పడవలో వేఱు. పడవలో శిష్యుడు ముందు నిలుచును, గురువు వెనుక ఎత్తున నిలుచును. శిష్యుని వీపును, తప్పులను గురువు చూచుచుండును. గురువు ముఖము శిష్యునకు కానరాదు. కంఠస్వరము మాత్రమే వినవచ్చును. ఆ స్వరమునందు విసుగు తోచినచో ఇక ఆ దినమున విద్య సాగదు. మంచి సరంగు ఒక్కొక్కసారికి ఒక్కొక్క తప్పే చెప్పును. విసరుటలో నాలుగు దోషములు కనిపించినను మూడింటిని మ్రింగి, ముందు దిద్దవలసిన ఒక్కదానినే పైకి చెప్పును. కేకలు వేయు సరంగులును ఉన్నారు. వారి పడవలో నేర్చుకొనువాడు చేపను చూచుట మాని సరంగు కోపమును లెక్కించుకొనుచుండును. వ్యాసపుస్తకము నిండ ఎఱ్ఱసిరా పాఱించి, ప్రతి పంక్తిలో ప్రతి తప్పును చుట్టి తిరిగి యిచ్చుట మన పాఠశాలలలో శ్రద్ధ యనిపించుకొనుచున్నది. ఆ పిల్లవాడు ఆ ఎఱుపును చూచును గాని తప్పును చూడడు. ఇది ఉపాధ్యాయశిక్షణ గ్రంథములలో వ్రాయబడి లేదని కాదు. చదివినంత మాత్రమున రాదు. ఒకనాడైనను ఎవరి గెడకిందనో నిలువబడి, పిక్కలు వణకుచుండగా, నాలుగు తప్పులు ఒక్కమాఱు వినిపించుకొన్నవానికే వచ్చును.

మన తీరమున తెప్పపై బ్రతుకు జాలరి ఈ కథయంతయు విన్నచో పెద్దగ నవ్వును. ఇంత శ్రమపడి పట్టిన చేపను మరల నీటిలో విడుచుటయా? కూటికొఱకు కోటి విద్యలు విన్నాము గాని, కూడు దొఱకినను పారవేయు విద్యను వినలేదనును. ఆ నవ్వులో న్యాయమున్నది. 1952లో వెలువడిన హెమింగ్వే నవల ‘ది ఓల్డ్ మాన్ అండ్ ది సీ’లోని ముసలివాడు చేతిదారముతో పెనగులాడినది బ్రతుకుకొఱకు, అతనికి చేపపై గౌరవము కలదు, అవసరమును కలదు. అవసరము తీసివేసి గౌరవమును మాత్రమే మిగుల్చుకొంటిమనువారి మాట అంత సులభముగ నమ్మదగినది కాదు. కొక్కెము కొక్కెమే. చేపకు బాధలేదని కొందఱు క్రీడాప్రియులు చెప్పుచుందురు. ఆ మాట చెప్పినవారిలో చేప ఒక్కటియు లేదు. పట్టి విడుచుటను దయ యనుట అతిశయోక్తి. తగ్గించిన హింస యనుట సత్యము.

అయినను ఆ తగ్గింపును తృణీకరింపరాదు. ఫ్లోరిడా ప్రభుత్వమువారు 2013లో బోన్‌ఫిష్‌ను పట్టి విడువవలసినదే గాని ఇంటికి కొనిపోరాదని శాసించిరి. టార్పన్‌కును ఇంచుమించు అదే శాసనము. నలుబది అంగుళములు దాటిన టార్పన్‌ను పడవలోనికి ఎత్తుటయే నేరము, నీటియందుంచియే కొక్కెము తీయవలెను. గాలినుంచి నిలిపిన ప్రతి క్షణము ఆ చేప ప్రాణమునకు అపాయమే. అలసి విడువబడిన బోన్‌ఫిష్‌ను సొరచేపలు కాచుకొని పట్టును. అందువలన మంచివాడు చేతులు తడిపికొని పట్టును, త్వరగ ముగించును, ఛాయాచిత్రపు మోజును అణచుకొనును. సొరచేప చెంతనున్నచో గాలము వేయనే వేయడు. ఇన్ని నియమములు ఏర్పఱచుకొని ఆ నియమములలోనే వేడుక చూచుకొనువారు, వలవేసి దొఱకినదెల్ల ఊడ్చుకొనిపోవు వ్యాపారపు ఓడలకంటె సముద్రమునకు చేసిన కీడు తక్కువ. మన జాలరి నవ్వు తన చిన్న తెప్పపైనుండి వచ్చినంతవఱకు న్యాయమైనది; అదే నవ్వు పెద్ద యంత్రపు ఓడ యజమాని నోట వచ్చినచో ఒప్పుకొనరాదు.

ఇక ఈ వినోదమును మన తీరమునకు దిగుమతి చేసికొనవలెనా యని ఎవరైన అడుగవచ్చును. అక్కఱలేదు. గోదావరి, కృష్ణల ఒండ్రుమట్టి కలిసిన మొగనీటిలో నీడను చూచి ఈగ వేయుట కల్ల. అయితే హిందూమహాసముద్రపు సేషెల్స్ దీవులలో ధనికులు ఈకల గాలముతో వెంటాడు మహాబలమైన చేప, మన జాలరులు పార అని పిలుచు జాతికి చెందినదే. ఆస్ట్రేలియాలో ఈగగాలమువారు మొగలలో వెదకు బారమండి, మన భీమవరపు సంతలో దొఱకు పండుగప్పయే. చేప మనది, మాట మనది; ఆ మాట మన పుస్తకములలో లేదు. పాట్రిక్ రస్సెల్ అను స్కాట్లండు వైద్యుడు విశాఖపట్టణమున సేకరించిన రెండువందల చేపలను చిత్రములతో 1803లో లండనున రెండు సంపుటములుగా ప్రకటించుచు, జాలరుల నోట విన్న తెలుగు పేర్లను ఇంగ్లీషు అక్షరములలో వ్రాసికొనెను. వానిలో కానగుర్త యను పేరు తిన్నగ శాస్త్రజ్ఞుల లాటినులో చేరినది. నేడు ప్రపంచమున ఏ విశ్వవిద్యాలయమునందైనను ఆ చేప శాస్త్రనామము ‘రాస్ట్రెల్లిజర్ కనగుర్త’. తెలుగుమాట ఒకటి రెండు శతాబ్దములుగ అన్ని దేశములలో పలుకబడుచుండగ, తెలుగు వాచకములలో చేప అను ఒక్కమాటతో సరిపెట్టుకొనుచున్నాము. ప్రబంధములలోని మీనములను, మత్స్యములను, ఝషములను వల్లెవేయించు పంతులు, బడికి ఫర్లాంగు దూరమున వలలోనుండి ఏమి పడుచున్నదో ఎఱుగడు. అది ఏటివిద్యలో ఆరితేరినవాని స్థితియే. నిఘంటువు తెఱచినచో అతడు కఱ్ఱను పైకెత్తినట్లే. ఆ మాటలు నిఘంటువులో లేవు, గెడపట్టినవాని నోటనున్నవి.

వేసవి సెలవులలో ఒక తెల్లవాఱుజామున భీమునిపట్టణపు ఇసుకపై అలివివల ఒడ్డుచేరు వేళకు అట్టి పంతులు ఒకడు చేతిలో చిన్న పుస్తకముతో నిలిచినచో బాగుండును. చెప్పులు తడియును. అడ్డము వచ్చుచున్నాడని మోకులు లాగువారు ఒకమాట అందురు. తరగతిలో వెనుకబల్లపై కూర్చుండి నోరు విప్పని పిల్ల అచట బుట్టతో నిలిచి, వలనుండి రాలినవాటిని ఏరుచుండును. అతడు వెండివలె మెఱయుచున్న ఒకదానిని చూపి, జ్ఞాపకము తెచ్చుకొని, ‘ఇది కానగుర్త గదా?’ అని అడుగును. ఆ పిల్ల బుట్ట క్రిందపెట్టి, నవ్వు ఆపుకొనలేక, ‘కాదు మాస్టారూ, అది పార పిల్ల. మళ్ళీ చూడండి, తోక దగ్గర చూడండి’ అనును.